పాఠకుల ప్రశ్నలు: కళ్లారా చూడని లూకా, అడిగి తెలుసుకుని రాసిన చరిత్ర

నాలుగు సువార్తల గురించి ఈ శీర్షికలో రాసిన తరువాత వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం మూడవ సువార్తనూ, దానిని రాసిన లూకానూ గురించినవే. ఒకే సందేహాన్ని వేర్వేరు మాటలలో అడిగిన ఉత్తరాలను ఒక్కచోట చేర్చి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: లూకా యేసు పన్నెండుమంది శిష్యులలో ఒకడేనా? ఆయన జీవితం గురించి గట్టి ఆధారాలు ఏమున్నాయి?

కాదు. అపొస్తలుల పేర్ల జాబితా క్రొత్త నిబంధనలో నాలుగు చోట్ల ఉంది; ఒక్కదానిలోనూ లూకా పేరు కనిపించదు. యేసును తాను చూసినట్లు లూకా ఎక్కడా చెప్పుకోలేదు. ఆయన పేరు క్రొత్త నిబంధన మొత్తంలో మూడే మూడు సార్లు వస్తుంది, ఆ మూడూ పౌలు పేరిట ఉన్న పత్రికలలోనివే. కొలొస్సయులకు రాసిన పత్రిక ఆయనను ‘ప్రియమైన వైద్యుడు’ అంటుంది. ఫిలేమోనుకు రాసిన పత్రిక పౌలు జతపనివారిలో ఒకడిగా చెబుతుంది. తిమోతికి రాసిన రెండవ పత్రికలో, అందరూ తలో దారీ పట్టిన వేళ చెరలో ఉన్న పౌలు దగ్గర లూకా ఒక్కడే మిగిలి ఉన్నాడన్న మాట ఉంది. ఒక మనిషి గురించి మూడు వాక్యాలే మిగిలాయంటే అవి ఇంతకన్నా మంచి వాక్యాలు కావడం కష్టం.

కొలొస్సయులకు రాసిన పత్రికలో పౌలు వందనాలు చెప్పేటప్పుడు ముందుగా సున్నతి పొందిన యూదులైన సహచరుల పేర్లు చెప్పి, ‘వీరే’ అని ఆ జాబితాను ముగించి, ఆ తరువాత మిగిలినవారితో కలిపి లూకా పేరు చెబుతాడు. అందువల్ల ఆయన యూదుడు కాడని చాలామంది పండితుల అభిప్రాయం. అయితే యూదుల లేఖనాల గ్రీకు అనువాదం ఆయనకు కంఠతా వచ్చినంతగా తెలుసునని ఆయన రాతలో ప్రతి పుటా చెబుతుంది కనుక, క్రీస్తును నమ్మకముందే యూదుల సమాజమందిరానికి వెళ్లి ఇశ్రాయేలు దేవుని ఆరాధించిన గ్రీకు అయి ఉండవచ్చునని ఊహించేవారూ ఉన్నారు.

ఇక అపొస్తలుల కార్యములలో ఒక వింత ఉంది. ఆ గ్రంథాన్ని రాసినదీ లూకాయే. కథనం అంతా ‘అతడు’, ‘వారు’ అని నడుస్తూ, 16వ అధ్యాయంలో త్రోయ రేవుపట్టణంలో పౌలుకు రాత్రి దర్శనం కలిగిన వెంటనే, ఏ పరిచయమూ ఏ వివరణా లేకుండా ‘మేము’గా మారిపోతుంది. ఆ ‘మేము’ ఫిలిప్పీలో ఆగిపోయి, కొన్నేళ్ల తరువాతి సంగతులు చెప్పే 20వ అధ్యాయంలో మళ్లీ ఫిలిప్పీలోనే అందుకుంటుంది. అక్కడి నుంచి యెరూషలేము వరకు, ఆపైన కైసరయ నుంచి రోము వరకు సాగుతుంది. రచయిత పౌలుతో కలిసి ప్రయాణం చేశాడనడానికి దీనిని సాక్ష్యంగా చూపుతారు. కార్యములలో కనిపించే పౌలుకూ, తన పత్రికలలో మాట్లాడే పౌలుకూ పోలికలు సరిగా కుదరవనీ, పౌలు పత్రికలు రాసేవాడన్న సంగతే కార్యములలో లేదనీ చూపి, ఇది మరెవరి ప్రయాణపు దినచర్యనో వాడుకున్నది కావచ్చునని వాదించే పండితులూ తక్కువేమీ కాదు. లూకా పేరు మాత్రం చాలా పాతది. సుమారు 180లో క్రైస్తవ బిషప్పు ఐరేనియస్ ఈ సువార్తను లూకాదని స్పష్టంగా చెప్పాడు. వాటికన్ గ్రంథాలయంలో ఉన్న ఒక పపైరస్ ప్రతిలో, సాధారణంగా మూడవ శతాబ్దపు తొలినాళ్లదిగా లెక్కించే దానిలో, ఒకే పుటలో ఒక సువార్త ముగిసి, కింద ‘లూకా ప్రకారం సువార్త’ అన్న పంక్తి ఉండి, ఆ కిందనే యోహాను సువార్త మొదలవుతుంది. గొప్పదనం కోసం పేరు అంటించదలచినవారు అపొస్తలుని పేరు ఎంచుకునేవారే తప్ప మూడు వాక్యాలలో తప్ప కనిపించని వైద్యుని పేరు ఎంచుకోరన్న వాదనలో బలం ఉందని నా అభిప్రాయం.

అంతియొకయలో పుట్టాడని నాలుగవ శతాబ్దపు చరిత్రకారుడు యుసేబియస్ రాశాడు. పెళ్లి చేసుకోలేదనీ, 84 ఏళ్లు బతికి గ్రీసు దేశంలోని బియోషియాలో చనిపోయాడనీ ఒక పురాతన పీఠిక చెబుతుంది. వీటిని సంప్రదాయంగానే తీసుకోవాలి. తిరిగి లేచిన యేసు ఎమ్మాయు ఊరి దారిలో ఇద్దరికి కనిపించాడని ఈ సువార్త చెబుతుంది; వారిలో పేరు చెప్పని రెండవ మనిషి లూకాయే అన్న కథ మాత్రం ఆయన సొంత మాటకే విరుద్ధం. ఆ మాట ఏమిటో తరువాతి ప్రశ్నలో వస్తుంది.

ప్రశ్న: కళ్లారా చూడనివాడు రాసిన దానికి విలువ ఎలా వచ్చింది?

చూడలేదని ఆయన మొదటి వాక్యంలోనే చెప్పేశాడు. నా దృష్టిలో విలువ అక్కడే మొదలవుతుంది. మూడవ సువార్త తొలి నాలుగు వచనాలు గ్రీకులో 42 పదాల ఒకే ఒక్క వాక్యం. అప్పటి గ్రీకు చరిత్రకారులు తమ గ్రంథాలకు రాసుకున్న పీఠికల తీరులోనే, ఎక్కడా పట్టు సడలకుండా సాగుతుంది. అందులో నాలుగు సంగతులు ఉన్నాయి. తనకు ముందే అనేకులు ఈ చరిత్రను రాయడానికి పూనుకున్నారు. మొదటినుండి కన్నులార చూసినవారు తమకు ఆ సంగతులను అప్పగించారు. తాను అన్నిటినీ మొదటినుండి తరచి చూశాడు. అందుకే వరుసగా రాస్తున్నాడు. ‘కన్నులార చూసినవారు’ అని మనం చదువుకునే చోట గ్రీకులో ఉన్న పదం ‘ఆటోప్టాయ్’. ఇంగ్లీషులో శవపరీక్షకు వాడే ‘అటాప్సీ’ కూడా ఈ కుదురు నుంచే వచ్చింది. ఆ వరుసలో లూకా తనను చేర్చుకోలేదు. వారు అప్పగిస్తే అందుకున్నవారిలో నిలబడ్డాడు. ఎమ్మాయు కథ నిలవదన్నది ఇందుకే.

ఆ 42 పదాలలో చివరిది ‘అస్ఫాలేయా’. నిశ్చయత అని అర్థం. పట్టు తప్పని భద్రత అన్న అర్థమూ అందులో ఉంది. థెయొఫిలా అనే వ్యక్తి అప్పటికే ఉపదేశం పొందిన సంగతులు నమ్మదగినవని తెలియడానికి రాస్తున్నానని చెబుతూ, వాక్యంలో బరువంతా ఆ ఒక్క మాట మీదకు తెచ్చి నిలిపాడు. థెయొఫిలా ఎవరో చెప్పలేము గానీ, ‘ఘనతవహించిన’ అన్న అదే బిరుదును కార్యములలో రోమా అధిపతులైన ఫేలిక్సుకూ ఫేస్తుకూ వాడటం వల్ల పెద్ద హోదాలో ఉన్న మనిషి అయి ఉండవచ్చు.

ఆయన తరచి చూసిన తీరు కొంతవరకు మనకూ కనిపిస్తుంది. మార్కు సువార్తలో 661 వచనాలు ఉంటే, లూకా వాటిలో సగానికి కొంచెం ఎక్కువ తీసుకున్నాడని సాధారణ అంచనా. మత్తయితో పంచుకున్నది మరి కొంత. ఆయన సువార్తలో మూడో వంతుకు పైగా మరెక్కడా దొరకనిది. ఈ చివరి భాగం ఎక్కడి నుంచి వచ్చింది? పౌలు కైసరయలో రెండేళ్లు చెరలో ఉన్నాడని కార్యములు చెబుతుంది. ఆ ప్రయాణంలో రచయిత వెంట ఉన్నాడనుకుంటే, గలిలయకూ యెరూషలేముకూ దూరం కాని ఆ పట్టణంలో ముసలివారైన సాక్షులను కలిసి అడగడానికి ఆయనకు వీలు దొరికి ఉంటుంది. ఇది ఊహే. అయినా ఆ సువార్తలో రెండు చోట్ల, జరిగిన సంగతులను యేసు తల్లి మరియ తన హృదయంలో భద్రం చేసుకుందని రాయడం చూసినప్పుడు, ఆ జ్ఞాపకాలను దాచుకున్నవారి ఇంటి గడప దాకా ఎవరో వెళ్లి, ఓపికగా కూర్చుని విన్నారని నాకు అనిపిస్తుంది.

ప్రశ్న: ఆయన వైద్యుడని ఆయన రాతను బట్టి నిరూపించవచ్చునా?

ఆ ప్రయత్నం జరిగింది, నిలవలేదు. 1882లో విలియం హోబర్ట్ అనే పండితుడు లూకా వాడిన వందల పదాలను గ్రీకు వైద్య గ్రంథాలతో పోల్చి, ఇది వైద్యుడే రాసినదని తేల్చాడు. తరువాత, 1920 ప్రాంతంలో హెన్రీ క్యాడ్‌బరీ ఆ పదాలే వైద్యంతో సంబంధం లేని గ్రీకు రచయితలలోనూ, యూదుల లేఖనాల అనువాదంలోనూ విరివిగా ఉన్నాయని చూపించాడు. చదువుకున్న గ్రీకువాడు ఎవడైనా వాడే మాటలే అవి. కనుక లూకా వైద్యుడనడానికి ఆధారం పత్రికలోని ఆ ఒక్క మాటే.

అయినా పాఠకులు తమంతట తాము పోల్చి చూడదగిన చోటు ఒకటి ఉంది. పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడిన స్త్రీ గురించి మార్కు రాస్తూ, ఆమె ఎందరో వైద్యుల చేతిలో నానా అవస్థలు పడి, ఉన్నదంతా ఖర్చుపెట్టుకుని, బాగుపడకపోగా మరింత క్షీణించిందని చెప్పాడు. అదే సంగతి చెప్పిన లూకా, ఎవరూ ఆమెను బాగుచేయలేకపోయారని ఊరుకున్నాడు. తోటి వైద్యుల మీద మాట పడనివ్వలేదని కొందరు దీనికి అర్థం చెబుతారు. లూకా మార్కు వాక్యాలను ఎన్నో చోట్ల కుదించాడు కాబట్టి నేను అంత దూరం వెళ్లను.

ప్రశ్న: చరిత్రకారునిగా లూకాను ఎంతవరకు నమ్మవచ్చు? యేసు పుట్టినప్పటి జనసంఖ్య, అంటే జనాభా లెక్కల, విషయంలో పొరపాటు ఉందంటారు కదా.

ఆ చిక్కు నిజమే. కురేనియు సిరియా అధిపతిగా ఉన్నప్పుడు జరిగిన జనసంఖ్య సమయంలో యేసు పుట్టాడని లూకా రాశాడు. హేరోదు రాజు క్రీ.పూ. 4లో చనిపోయాడన్నది ఎక్కువమంది చరిత్రకారుల లెక్క. కురేనియు సిరియా అధిపతిగా యూదయలో జనసంఖ్య రాయించింది క్రీ.శ. 6లో అని యూదుల చరిత్రకారుడు జోసిఫస్ వల్ల తెలుస్తుంది. హేరోదు రోజులలో పుట్టిన యేసు ఆ జనసంఖ్య కాలంలో ఎలా పుడతాడన్నది ప్రశ్న. రకరకాల పరిష్కారాలు ప్రతిపాదించారు, వాటిలో ఏదీ అందరినీ ఒప్పించలేదు. లూకాను ప్రేమించేవారు ఈ చోటును దాచిపెట్టనవసరం లేదు.

అదే లూకా అధికారుల హోదాల విషయంలో చూపిన జాగ్రత్త ఆశ్చర్యపరుస్తుంది. రోమా సామ్రాజ్యంలో ఒక్కో పట్టణంలో అధికారికి ఒక్కో పేరు ఉండేది, అవి మారుతూ కూడా ఉండేవి. థెస్సలొనీక అధికారులను లూకా ‘పొలిటార్కులు’ అన్నాడు. గ్రీకు సాహిత్యంలో దాదాపు కనిపించని ఈ పదం ఆ పట్టణంలోని వార్దార్ ద్వారం మీది శాసనంలో చెక్కి ఉంది. 1876లో ఆ ద్వారాన్ని పడగొట్టాక ఆ రాయి బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. కొరింథులో పౌలును విచారించిన గల్లియోను పేరు డెల్ఫీలో దొరికిన శాసనంలో ఉంది. దాని వల్ల అతడు అక్కడ అధిపతిగా ఉన్నది 51, 52 ప్రాంతమని తెలిసి, పౌలు జీవితంలోని తేదీలన్నిటికీ అదే గుంజ అయింది.

అన్నిటికన్నా దగ్గరగా చూడవలసింది కార్యములు 27వ అధ్యాయంలో, ఖైదీగా ఉన్న పౌలును రోముకు తీసుకుపోతున్న ఓడ ప్రయాణం. ఊరకులోను అనే పెనుగాలికి చిక్కిన ఓడ కొట్టుకుపోతూ ఉంటుంది. పద్నాలుగో రాత్రి, నడిజామున, ఏదో నేల దగ్గరపడుతున్నదని నావికులకు తోస్తుంది. లోతు కొలిచే బుడుదు వేసి చూస్తే ఇరవై బారల లోతు. కొంత దూరం పోయి మళ్లీ వేస్తే పదిహేను బారలు. చీకటిలో రాళ్లకు కొట్టుకుంటామేమోనని భయపడి, ఓడ వెనుక భాగం నుంచి నాలుగు లంగరులు దించి, ఎప్పుడు తెల్లవారుతుందా అని ఎదురుచూస్తారు. ఓడలో ఉన్నది 276 మంది. తాళ్లతో ఓడ చుట్టూ బిగించడం, సరకులు పారవేయడం, చివరకు గోధుమలను కూడా సముద్రంలో పోయడం, ఇవన్నీ జరిగిన వరుసలో ఉన్నాయి. స్కాట్లండుకు చెందిన జేమ్స్ స్మిత్ స్వయంగా తెరచాప ఓడలు నడిపినవాడు. ఆయన గాలి దిశనూ, ఓడ కొట్టుకుపోయే వేగాన్నీ లెక్కకట్టి, క్రేతు దగ్గరి కౌద దీవి నుంచి మెలితే, అంటే నేటి మాల్టా, చేరడానికి సుమారు 13 రోజులు పడుతుందని 1848లో చూపించాడు. రచయిత నావికుడు కాడు, కానీ నావికుల పక్కన నిలబడి చూసినవాడని ఆయన అభిప్రాయం. ఆ అధ్యాయాన్ని ఒక్కసారి గట్టిగా చదివినవారికి ఆ మాటలోని బలం తెలుస్తుంది.

ప్రసంగాల సంగతి వేరు. ఆ కాలపు చరిత్రకారులు సందర్భానికి తగినట్లు ప్రసంగాలను తామే కూర్చి రాసేవారు. లూకా కూడా అంతే చేసి ఉంటాడని పండితులు భావిస్తారు.

ప్రశ్న: లూకా రాయకపోయి ఉంటే మనం ఏమి కోల్పోయేవాళ్లం?

ముందు పరిమాణం చెబుతాను. సువార్తలో 24 అధ్యాయాలు, కార్యములలో 28. రెండూ కలిపితే క్రొత్త నిబంధనలో నాలుగో వంతుకు పైగా అవుతుంది. పేరు మూడుసార్లే కనిపించే మనిషి అందరికన్నా ఎక్కువ రాశాడు.

ఇక కోల్పోయేవి. మంచి సమరయుడు, తప్పిపోయిన కుమారుడు, ధనవంతుడూ లాజరూ, గుడిలో పరిసయ్యుడూ సుంకరీ, విసుగు లేకుండా న్యాయాధిపతి తలుపు తట్టిన విధవరాలు, మేడిచెట్టెక్కిన జక్కయ్య, ఎమ్మాయు దారి, సిలువ మీద క్షమాపణ పొందిన దొంగ: ఇవేవీ మిగిలిన మూడు సువార్తలలో లేవు. మరియ పాట, జెకర్యా పాట, శిశువును చేతులలోకి తీసుకుని ఇక సమాధానంతో వెళ్లిపోనిమ్మన్న సుమెయోను పాట కూడా లూకా దగ్గరే దొరుకుతాయి. పాశ్చాత్య సంఘాలలో జెకర్యా పాటను ఉదయప్రార్థనలో, మరియ పాటను సంధ్యాప్రార్థనలో, సుమెయోను పాటను నిద్రకు ముందు ప్రార్థనలో శతాబ్దాలుగా పాడుతూ వస్తున్నారు. రోజు మొత్తం లూకా మాటల మధ్య గడుస్తుందన్నమాట.

కథలలో ఆయన ఆగే చోట్లు గమనించండి. దెబ్బలు తిని దారిలో పడి ఉన్న మనిషిని చూసి సమరయుడు జాలిపడ్డాడని చెప్పి వదిలేయలేదు; గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, మరునాడు పూటకూళ్లవానికి రెండు దేనారాలు ఇచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. దయ అంటే ఏయే పనులో ఒక్కొక్కటిగా కనిపిస్తుంది. తప్పిపోయిన కుమారుని కథలో తండ్రి కొడుకును దూరం నుంచే చూసి పరుగెత్తాడు. పెద్ద కొడుకు మాత్రం పొలం నుంచి వచ్చి గుమ్మం బయటే నిలబడిపోయాడు. లోపలికి వెళ్లాడో లేదో కథ చెప్పదు. ఆ తలుపు అలా తెరిచి ఉంచినందుకే ఆ కథ ప్రతి తరంలోనూ కొత్తగా వినిపిస్తుంది.

స్త్రీల గురించి కూడా ఒక మాట చెప్పాలి. దేవాలయం విడిచిపోని 84 ఏళ్ల ప్రవక్త్రి అన్న, ఒక్కగానొక్క కొడుకు శవం వెంట నడుస్తున్న నాయీను విధవరాలు, 18 ఏళ్లుగా నడుము వంగిపోయిన స్త్రీ లూకాలోనే ఉన్నారు. యేసూ శిష్యులూ ఊరూరా తిరుగుతున్నప్పుడు ఖర్చులు భరించిన స్త్రీలలో హేరోదు రాజు కుమారుడైన హేరోదు అంతిప గృహనిర్వాహకుడు కూజా భార్య యోహన్ననూ, సూసన్ననూ పేరుపెట్టి చెప్పింది ఆయన ఒక్కడే. డబ్బు ఎవరి చేతినుంచి వచ్చిందో అడిగి రాయడం చిన్న విషయంగా కనిపించవచ్చు. అడగకపోతే ఆ పేర్లు మనకు దక్కేవి కావు.

ప్రశ్న: లూకా చిత్రకారుడని, మరియ చిత్రాన్ని గీశాడని విన్నాము. నిజమేనా?

దీనికి తొలి శతాబ్దాల ఆధారం లేదు. మరియ ముఖం ఎలా ఉండేదో మనకు తెలియదని అయిదవ శతాబ్దపు తొలినాళ్లలో క్రైస్తవ బిషప్పు అగస్టీను రాశాడు. లూకా గీసిన చిత్రం ఉందన్న మాట అప్పటికి ప్రచారంలో ఉంటే ఆయన అలా రాసేవాడు కాదు. ఆ సంప్రదాయం తరువాత కాన్‌స్టాంటినోపుల్ వైపు నుంచి పెరిగింది. రోములోని సాంతా మరియా మజ్జోరె ఆలయంలోని ప్రసిద్ధ చిత్రాన్నీ, పోలండులోని చెన్‌స్టొహోవా చిత్రాన్నీ భక్తులు లూకా చేతి పనిగానే చెప్పుకుంటూ వచ్చారు.

ఈ నమ్మకం వల్లనే యూరప్ పట్టణాలలో చిత్రకారుల సంఘాలు లూకా పేరు పెట్టుకున్నాయి. హాలండులోని డెల్ఫ్ట్ పట్టణంలో ఉన్న అటువంటి సంఘంలో చిత్రకారుడు వెర్మీర్ 1653 డిసెంబరులో సభ్యుడయ్యాడు. రోములోని చిత్రకళా విద్యాలయానికీ ఆయన పేరే. మరియకు దేవదూత కనిపించిన ఘట్టం, పశువుల తొట్టి, గొర్రెల కాపరులు, అన్నీ లూకా సువార్తలోనివే కనుక, కుంచె పట్టకపోయినా చిత్రకారులకు అందరికన్నా ఎక్కువ పని ఇచ్చినవాడు ఆయనే. బొమ్మలలో ఆయన పక్కన ఎద్దు ఉంటుంది. దేవాలయంలో ధూపం వేస్తున్న యాజకునితో సువార్త మొదలవుతుంది కాబట్టి బలిపశువును గుర్తుగా ఇచ్చారు.

ప్రశ్న: లూకా సమాధి ఎక్కడ ఉంది?

గ్రీసులోని తీబ్స్ పట్టణంలో ఆయన సమాధి అని ఒక రాతి పేటికను చూపిస్తారు. అస్థికలను 357లో కాన్‌స్టాంటినోపుల్‌లోని అపొస్తలుల ఆలయానికి తరలించారని ప్రాచీన క్రైస్తవ పండితుడు జెరోము రాశాడు. ఇటలీలోని పాదువాలో సాంతా జుస్తీనా ఆలయం తమ దగ్గరి సీసపు పేటికలో ఉన్నది ఆయన దేహమేనని చెబుతుంది. 1998లో ఆ పేటికను తెరిస్తే తల లేని అస్థిపంజరం కనిపించింది. నాలుగవ చార్లెస్ చక్రవర్తి 1354లో ప్రాగ్ నగరానికి తీసుకుపోయిన పుర్రెను తెప్పించి చూడగా, మెడ ఎముకకు అది సరిపోయింది. పేటికలో దొరికిన ఒక పంటి మీద జన్యుపరీక్ష జరిపి 2001లో ఫలితాలు ప్రకటించారు: ఆ మనిషి వంశం గ్రీకులకన్నా సిరియా వారికి దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ, అయితే నేటి తుర్కీ ప్రాంతంవాడు కాడని చెప్పడానికి వీలులేదు. కర్బన పరీక్ష ఆ పంటికి 72 నుంచి 416 మధ్యలో ఎక్కడైనా ఉండగల కాలాన్ని చూపింది. ఇది లూకా దేహమని దీనివల్ల రుజువు కాదు. కాదని కూడా తేలలేదు.

ఈ పరిశీలనంతా మొదలైంది ఒక విన్నపంతో. తమ దగ్గరి ఖాళీ సమాధిలో ఉంచుకోవడానికి అస్థికలలో కొంత భాగమైనా ఇమ్మని తీబ్స్ ఆర్థడాక్స్ సంఘాధిపతి 1992లో పాదువా బిషప్పును కోరాడు. పరీక్షల ఫలితాలు వెలువడక ముందే, 2000లో, పాదువావారు ఒక పక్కటెముకను తీసి తీబ్స్‌కు పంపించారు.